వేర్వేరు టికెట్లపై రెండు విమానాలు: చెక్-ఇన్ సామాను చివరి గమ్యం వరకు నేరుగా వెళుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అమ్మగారితో కలిసి ఒక దూరప్రయాణం చేయవలసి ఉంది. మొదటి విమానం ఒక సంస్థది, రెండవది మరొక సంస్థది. రెండు టికెట్లనూ వేర్వేరు రోజుల్లో విడివిడిగా కొన్నాను కాబట్టి పీఎన్ఆర్ సంఖ్యలు కూడా వేరు. మధ్యలో దిగే విమానాశ్రయంలో మాకు ఐదు గంటల ఇరవై నిమిషాల వ్యవధి ఉంది కానీ, రెండవ విమానం వేరే టెర్మినల్ నుంచి బయలుదేరుతుంది. ఇద్దరికీ కలిపి మూడు పెద్ద సూట్‌కేసులు ఉంటాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల చక్రాల కుర్చీ కోరాను. ఆమెను ఒకచోట కూర్చోబెట్టి, మూడు పెట్టెలు తీసుకుని, ఇంకో టెర్మినల్‌కు చేర్చి మళ్లీ అప్పగించడం నా ఒక్కడి వల్ల అవుతుందా అన్నదే నా బెంగ.

సామానును చివరి గమ్యం వరకు నేరుగా పంపుతారా అని రెండు సంస్థల సహాయ కేంద్రాలకూ ఫోన్ చేసి అడిగాను. మొదటివారు కౌంటర్‌లో అడగమని, మామూలుగా చేస్తూనే ఉంటారని చెప్పారు. రెండవవారు, మొదటి సంస్థ ట్యాగ్ వేస్తే తమకు అభ్యంతరం లేదన్నారు. రాతపూర్వకంగా మాత్రం ఇద్దరిలో ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ రెండు సంస్థల మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం ఉందని చదివాను. ఒప్పందం ఉంటే సరిపోదా? ఈ నిర్ణయం అసలు ఎవరి చేతిలో ఉంటుంది? సామాను మధ్యలో తప్పిపోతే ఎవరిని అడగాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

నేను తొమ్మిదేళ్లు చెక్-ఇన్ కౌంటర్ వెనక పనిచేశాను కాబట్టి, కౌంటర్ అవతల ఏం జరుగుతుందో చెప్పగలను.

ముందుగా ఒప్పందం సంగతి. ఇంటర్‌లైన్ ఒప్పందం అంటే ఒక సంస్థ అమ్మిన టికెట్‌ను, అది ట్యాగ్ వేసిన సామానును మరొక సంస్థ స్వీకరించడానికి కుదుర్చుకున్న ఏర్పాటు. ఈ ఒప్పందాలలో చాలా భాగం, విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన అయాటా రూపొందించిన బహుపాక్షిక ఒప్పందం చట్రంలోనే ఉంటాయి. ఇంటర్‌లైన్ ఒప్పందమే లేకపోతే మీ ప్రశ్నకు తావే లేదు. తక్కువ ధరల సంస్థలలో చాలావాటికి ఇలాంటి ఒప్పందాలు ఉండవు. ఉదాహరణకు ర్యాన్‌ఎయిర్ తాను ఒక చోటి నుంచి మరొక చోటికి మాత్రమే ప్రయాణికులను చేరుస్తానని, సామానును వేరే విమానానికి బదిలీ చేయనని తన నిబంధనలలోనే చెబుతుంది. అయితే ఒప్పందం ఉండడం వల్ల ఆ పని చేయడానికి వీలు కలుగుతుందే తప్ప, వేర్వేరు టికెట్ల విషయంలో చేసి తీరాలన్న బాధ్యత ఏర్పడదు. ఆ మీద ప్రతి సంస్థకూ సొంత విధానం ఉంటుంది. ఒకే టికెట్ మీద అయితేనే చివరిదాకా ట్యాగ్ వేస్తామనేవారు కొందరు, తమ కూటమిలోని సంస్థలకు మాత్రం వేస్తామనేవారు కొందరు, ఒప్పందం ఉన్న ఏ సంస్థకైనా వేస్తామనేవారు కొందరు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే మూడు కూటములలోనూ ఒకే కూటమికి చెందిన రెండు సంస్థలు ఈ విషయంలో ఒకేలా ప్రవర్తిస్తాయని అనుకోవద్దు.

నిర్ణయం ఎవరిదంటే, మీ పెట్టెను మొదట స్వీకరించే సంస్థది. అందుకే రెండవ సంస్థ మీకు చెప్పిన మాట నిజమే అయినా, మీకు పనికివచ్చే మాట కాదు. మొదటి సంస్థ వెబ్‌సైటులో "రవాణా నిబంధనలు" అనే పత్రం ఉంటుంది. అందులో గానీ, సామానుకు సంబంధించిన పేజీలో గానీ వేర్వేరు బుకింగుల గురించి ఒక వాక్యం సాధారణంగా దొరుకుతుంది. ఫోనులో విన్న పది మాటలకంటె ఆ ఒక్క వాక్యం విలువైనది. అది మీకు అనుకూలంగా ఉంటే అచ్చు వేసి వెంట తీసుకువెళ్లండి. కౌంటర్‌లోని ఉద్యోగికి తన సంస్థ విధానం తెలియని సందర్భాలు నా కాలంలోనూ ఉండేవి.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఒకే టికెట్ అయితే మీ రెండవ విమానం వివరాలు మా తెరపై తమంతట తామే కనిపిస్తాయి, ట్యాగ్ మీద చివరి గమ్యం అచ్చవుతుంది. వేర్వేరు టికెట్లయితే ఉద్యోగి రెండవ విమానం సంఖ్య, తేదీ, గమ్యం చేత్తో చేర్చాలి. రెండవ టికెట్ ఖరారైనదేనా అని చూడాలి. ట్యాగ్ అచ్చయిన క్షణంలో దాని మీది పది అంకెల సంఖ్యతో ఒక సందేశం సామాను విభజన వ్యవస్థలకు వెళుతుంది, మధ్యలోని విమానాశ్రయానికి కూడా చేరుతుంది. అక్కడ బెల్టు మీద మీ పెట్టె ఎటు మళ్లాలో తేల్చేది ఆ సందేశమే. అది చేరకపోతే ట్యాగ్ సరిగ్గా ఉన్నా పెట్టె ఒక పక్కన ఆగిపోయి, మనిషి వచ్చి చూసేవరకు ఎదురుచూస్తుంది.

ఉద్యోగులు వెనుకాడడానికి ఇంకొక కారణం ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 1985 జూన్ 22న వాంకోవర్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు, టొరంటో నుంచి బయలుదేరే ఎయిరిండియా విమానంలో తనకు సీటు ఖరారు కాకపోయినా, పెట్టెను మాత్రం నేరుగా దానికే పంపాలని పట్టుబట్టాడు. కౌంటర్‌లోని ఉద్యోగి చివరికి ఒప్పుకున్నారు. ఆ ప్రయాణికుడు విమానం ఎక్కనే లేదు, పెట్టె ఎక్కింది. మర్నాడు ఐర్లాండ్ తీరానికి దూరంగా సముద్రం మీద ఆ విమానం పేలిపోయి 329 మంది మరణించారు. 1988 డిసెంబర్ 21న లాకర్‌బీ పట్టణం మీద కూలిన పాన్ యామ్ 103 విమానంలో కూడా బాంబు ఉన్న పెట్టె మాల్టాలో ప్రయాణికుడు లేకుండానే బయలుదేరి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి వచ్చిందని న్యాయస్థానం నిర్ధారించింది. అంతర్జాతీయ విమానాలలో మనిషి ఎక్కకపోతే అతని పెట్టెను దించివేయాలన్న నియమం ఇంత కచ్చితంగా అమలవుతున్నది ఆ అనుభవాల తరువాతనే. సంబంధం లేని రెండు టికెట్లను చూపించి పెట్టెను నేరుగా పంపమని అడిగినప్పుడు, ఉద్యోగి తన సంస్థ విధానానికి కట్టుబడి కాదంటే అది మొండితనం కాదు. వాదించవద్దని మీకే కాదు, ఇది చదివే అందరికీ విన్నవించుకుంటున్నాను.

మీకు నా సలహా ఒక్కటే. సామాను నేరుగా వెళ్లదనే అనుకుని మొత్తం ఏర్పాట్లు చేసుకోండి. కౌంటర్‌లో మర్యాదగా అడగండి, రెండవ టికెట్ కాగితం చేతిలో ఉంచుకోండి. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకున్నారని నోటిమాటతో నమ్మి కదలకుండా, పెట్టెకు కట్టిన ట్యాగ్ మీద పెద్ద అక్షరాలలో ఉన్న మూడక్షరాల విమానాశ్రయ కోడ్ మీ చివరి గమ్యానిదేనా, దాని దగ్గర రెండవ విమానం సంఖ్య, తేదీ సరిగ్గా ఉన్నాయా అని పెట్టె బెల్టు మీద కదలకముందే చూడండి. మూడు పెట్టెలకూ విడివిడిగా చూడండి.

రెండవ జవాబు

పైన రాసినవారు చెప్పినదంతా సరైనదే. అయితే ట్యాగ్ సరిగ్గా పడితే పని అయిపోయినట్టేనని మీరు అనుకోకూడదని నా అనుభవం రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం నేనూ ఇలాగే వేర్వేరు టికెట్ల మీద వెళ్లాను. మొదటి సంస్థ ఎలాంటి అభ్యంతరమూ చెప్పకుండా చివరి గమ్యం వరకు ట్యాగ్ వేసింది, కానీ రెండవ విమానం బోర్డింగ్ పాస్ ఇవ్వలేకపోయింది. మధ్య విమానాశ్రయంలో నేను గేటు దగ్గరికే నేరుగా వెళ్లి అక్కడ బోర్డింగ్ పాస్ తీసుకున్నాను. సామాను గురించి వారూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దిగిన తరువాత బెల్టు దగ్గర గంటసేపు నిలబడ్డాను. నా పెట్టె మూడు రోజుల తరువాత వచ్చింది. రెండవ సంస్థ రికార్డులో నేను సామాను లేని ప్రయాణికుడిగా ఉన్నందువల్ల పెట్టెను విమానంలోకి ఎక్కించడానికి అనుమతి రాలేదని తరువాత తెలిసింది. ట్యాగ్ సంఖ్య చెబితే రెండు నిమిషాలలో నా పేరుకు జోడించి ఉండేవారట!

కాబట్టి మీకు నేరుగా ట్యాగ్ పడితే, మధ్య విమానాశ్రయంలో దిగగానే రెండవ సంస్థ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌కు వెళ్లి, బోర్డింగ్ పాస్ మీద అతికించిన సామాను రసీదులు మూడూ చూపించి, ఆ సంఖ్యలను మీ పేరు మీద నమోదు చేశారో లేదో అడగండి. అయిదు గంటలు ఉన్నాయి కాబట్టి ఇది మీకు కష్టం కాదు. విమానయాన సమాచార వ్యవస్థలు నడిపే సీటా సంస్థ నివేదిక ప్రకారం 2023లో ఆలస్యంగా చేరిన సామానులో 46 శాతం విమానం మారేటప్పుడు జరిగిన పొరపాట్ల వల్లనే ఆలస్యమైంది. ఒకే టికెట్ మీద వెళ్లేవారిని కూడా కలుపుకున్న లెక్క ఇది. మనలాంటివారు మరింత జాగ్రత్తగా ఉండడం న్యాయమే కదా.

బాధ్యత ఎవరిదని అడిగారు. పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయం దాటకముందే, మిమ్మల్ని చివరికి దింపిన సంస్థ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకోండి. నా విషయంలో రెండు సంస్థలూ కొన్ని వారాలపాటు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నాయి. అప్పుడే, అంతర్జాతీయ విమాన ప్రయాణాలలో సంస్థల బాధ్యతను నిర్ణయించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని శ్రద్ధగా చదివాను. వరుసగా పలు సంస్థలు చేర్చే ప్రయాణంలో సామాను పోతే మొదటి సంస్థను, చివరి సంస్థను, ఏ దశలో నష్టం జరిగిందో ఆ దశను నడిపిన సంస్థను కూడా అడగవచ్చని 36వ అధికరణం చెబుతుంది. అయితే ఆ ప్రయాణాన్ని ఇరుపక్షాలూ ఒకే ప్రయాణంగా భావించి ఉండాలి. వేర్వేరు టికెట్లు ఉన్నచోట సంస్థలు పట్టుకునే పాయింటు సరిగ్గా అదే. చివరి గమ్యం వరకు వేసిన ట్యాగ్ రసీదు మన చేతిలో ఉంటే వారి వాదన బలహీనపడుతుంది. నాకు అదే ఉపయోగపడింది, అత్యవసరంగా కొన్న బట్టల ఖర్చు చివరికి తిరిగి ఇచ్చారు.

గడువులు మాత్రం గుర్తుంచుకోండి. పెట్టె దెబ్బతిని వస్తే అందిన ఏడు రోజులలోగా, ఆలస్యంగా వస్తే అందిన ఇరవై ఒక్క రోజులలోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు గడిచినా రాకపోతే పోయినట్టుగానే పరిగణించి పరిహారం కోరవచ్చు. పరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల కోసం వాడే విలువ కొలమానం). అంతకుముందు 1,288 ఉండేది. ఇది పెట్టెకు కాదు, మనిషికి. అమ్మగారి మందులు, ముఖ్యమైన కాగితాలు, ఒక రోజుకు సరిపడే బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

మూడవ జవాబు

ఇద్దరూ సామాను గురించి చక్కగా చెప్పారు కానీ, అన్నిటికంటె ముందు చూసుకోవలసినది వీసా అని నా అభిప్రాయం. సామాను నేరుగా వెళితే మీరు ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉండిపోవచ్చు. వెళ్లకపోతే బెల్టు దగ్గరికి చేరాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి. మీ పాస్‌పోర్టుకు అక్కడ ప్రవేశ వీసా అవసరమైతే, అది లేకుండా వెళ్లినప్పుడు పెట్టెలు తీసుకోవడానికి దారే ఉండదు. మొదటి సంస్థ కౌంటర్‌లోనే మిమ్మల్ని ఎక్కించుకోవడానికి నిరాకరించే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే వారి దృష్టిలో మీ ప్రయాణం ఆ మధ్య విమానాశ్రయంతో ముగిసిపోతుంది. కొన్ని విమానాశ్రయాలలో టెర్మినల్ మారాలంటేనే ఇమిగ్రేషన్ దాటవలసి వస్తుంది కాబట్టి, సామాను సంగతి ఎలా ఉన్నా ఈ విషయం ముందే నిర్ధారించుకోండి.

కొన్నిచోట్ల ఒకే టికెట్ ఉన్నా పెట్టె తీసుకోక తప్పదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించడం సాధారణ నియమం. డబ్లిన్, అబుధాబి వంటి చోట్ల ముందుగానే అమెరికా అధికారుల తనిఖీ ముగించుకుని వచ్చేవారికి ఆ పని ఉండదు. ఒకే టికెట్ ఉన్నవారు పెట్టెను పక్కనే ఉన్న బదిలీ బెల్టు మీద పెట్టి వెళ్లిపోతారు. నేరుగా ట్యాగ్ లేని మనం మాత్రం రెండవ సంస్థ కౌంటర్‌కు వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

బరువుల తేడా కూడా చూసుకోండి. ఒకే టికెట్ మీద మొత్తం ప్రయాణానికి ఒకే సామాను నిబంధన వర్తించడం రివాజు. వేర్వేరు టికెట్ల మీద ఎవరి నిబంధన వారిదే. మొదటి సంస్థ మనిషికి ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు అనుమతించి, రెండవది ఒకటే అనుమతిస్తే మీ మూడవ పెట్టెకు రుసుము చెల్లించాలి. దాన్ని ఇంటి దగ్గర ఉండగానే ఆన్‌లైన్‌లో చెల్లించి రసీదు దాచుకోండి. రెండవ సంస్థకు రావలసిన రుసుమును తాము వసూలు చేయలేమన్న కారణంతోనే మొదటి సంస్థ నేరుగా ట్యాగ్ వేయడానికి నిరాకరించిన సందర్భాలు ఉన్నాయి.

అమ్మగారి చక్రాల కుర్చీ కోరికను రెండు టికెట్లలోనూ విడివిడిగా, కనీసం 48 గంటల ముందు నమోదు చేయించండి. మొదటి సంస్థ తరఫున వచ్చే సహాయకుడు మిమ్మల్ని ఇమిగ్రేషన్ దాటించి బెల్టు దగ్గరికి, అక్కడినుంచి బయటి ద్వారం వరకు తీసుకువస్తారు. రెండవ సంస్థ సహాయం ఆ సంస్థ కౌంటర్ దగ్గరినుంచి మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మీకు అసలు కష్టం. మీకు టెర్మినళ్లు వేరు కాబట్టి, రెండు టికెట్ల వివరాలూ చెప్పి ఆ మధ్య దూరానికి సహాయం దొరుకుతుందా అని విమానాశ్రయ నిర్వాహకులకు ముందే రాయండి. యూరోపియన్ యూనియన్ దేశాలలోనైతే 2006 నాటి నియమావళి ప్రకారం ఇలాంటి సహాయం అందించే బాధ్యత విమానాశ్రయ నిర్వాహకులదే.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మొదటి సంస్థ రవాణా నిబంధనలు చదివాను. వేర్వేరు బుకింగుల మీద సామానును మొదటి టికెట్ గమ్యం వరకే పంపుతామని అందులో స్పష్టంగా రాసి ఉంది! ఫోనులో అలా ఎందుకు చెప్పారో అర్థం కాలేదు. అదృష్టవశాత్తు ఆ దేశం మా పాస్‌పోర్టుకు ఆన్‌లైన్ వీసా ఇస్తుంది కాబట్టి ఇద్దరికీ దరఖాస్తు చేశాను. మూడు పెట్టెలను రెండుకు తగ్గించాము.

రెండు సందేహాలు మిగిలాయి. అయిదు గంటల ఇరవై నిమిషాలు ఇప్పుడు సరిపోతాయా? తిరుగు ప్రయాణం కూడా ఇవే రెండు సంస్థలతో ఉంది. అప్పుడు కూడా ఇదే జవాబు అనుకోవాలా?

మొదటి జవాబు రాసినవారు మళ్లీ

వీసాకు దరఖాస్తు చేయడం చాలా మంచి పని. వ్యవధి విషయంలో, విమానం సమయానికి దిగితే ఇమిగ్రేషన్, సామాను, టెర్మినల్ మార్పు అన్నిటికీ కలిపి రెండు గంటల నుంచి రెండున్నర గంటలు అనుకోండి. రెండవ సంస్థ సామాను తీసుకునే గడువు అంతర్జాతీయ ప్రయాణాలకు తరచుగా బయలుదేరడానికి గంట ముందు ముగుస్తుంది. అంటే మొదటి విమానం గంటన్నర వరకు ఆలస్యమైనా మీరు అందుకోగలరు. అంతకు మించితే మాత్రం వేర్వేరు టికెట్ల వల్ల వచ్చే అసలు చిక్కు ఎదురవుతుంది. ఒకే టికెట్ అయితే తరువాతి విమానంలో సీటు చూపించే బాధ్యత సంస్థ మీద ఉండేది. ఇప్పుడు రెండవ సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణాన్ని కూడా రద్దు చేయగలదు. ఆలస్యం అవుతుందని తెలిసిన క్షణంలోనే, గడువు ముగియకముందే, రెండవ సంస్థకు ఫోన్ చేసి టికెట్ మార్చుకోండి. కనెక్షన్ తప్పితే వర్తించే ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు, సొంతంగా కలుపుకున్న టికెట్లకు కూడా అది వర్తిస్తుందో లేదో పాలసీలో చూడండి. చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి.

త్వరగా చేరుకున్నా ఒక ఇబ్బంది ఉంది. చాలా సంస్థల కౌంటర్లు బయలుదేరడానికి మూడు గంటల ముందు గానీ తెరుచుకోవు. అంతవరకు రెండు పెట్టెలతో బయటి హాలులోనే ఉండాలి కాబట్టి, అమ్మగారికి కూర్చోవడానికి చోటు, దగ్గరలో మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నాయో విమానాశ్రయం వెబ్‌సైటులోని పటంలో ముందుగానే చూసి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో వరుస తలకిందులవుతుంది. అప్పుడు మీ పెట్టెలను మొదట స్వీకరించేది ఇప్పటి రెండవ సంస్థ, కాబట్టి ఆ సంస్థ విధానమే వర్తిస్తుంది. వెళ్లేటప్పుడు కాదన్నారు కదా అని వచ్చేటప్పుడు అడగడం మానవద్దు. వారి నిబంధనలలోనూ ఆ వాక్యాన్ని వెతికి చూడండి. అనుకూలంగా ఉంటే ఇక్కడ రాయండి, ట్యాగ్ మీద ఏమేమి ఉండాలో మీ విమానాల వివరాలతో సహా చెబుతాను.